గిర్ని పెట్టే ముందు: పల్లెల్లో చిన్న పరిశ్రమల రాబడి లెక్క



ఏటా మాఘమాసం వచ్చేసరికి వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు ఎర్రబడుతుంది. నర్సంపేట వైపు నుంచి, పరకాల వైపు నుంచి, మానుకోట వైపు నుంచి మిరప బస్తాలు బండ్లకొద్దీ దిగుతాయి. ధర బాగుంటే సరే. బాగలేని ఏడు రైతు మనసులో ఒక ఆలోచన పుడుతుంది. "మిరపకాయను కాయగానే ఎందుకు అమ్మాలి? ఊళ్ళోనే ఒక కారం గిర్ని పెట్టి, పొడి కొట్టి, పొట్లాలు కట్టి అమ్మితే ఆ లాభమేదో మనకే మిగులుతుంది గదా!" అనుకుంటాడు. ఇది మంచి ఆలోచనే. పంటను పచ్చిసరుకుగా కాక తయారు సరుకుగా అమ్మితే పల్లెలో నాలుగు చేతులకు పని దొరుకుతుంది. అయితే ఆలోచన మంచిదైనంత మాత్రాన గిర్ని నిలబడదు. దాన్ని నిలబెట్టేది లెక్క. ఆ లెక్కను ఎట్లా కట్టాలో ఈ రోజు చెప్పుకొందాము.

ముందుగా, యంత్రం అమ్మేవారు చెప్పే లెక్క ఎట్లా వుంటుందో చూడండి. "ఈ యంత్రం గంటకు 30 కిలోలు పడుతుంది. రోజుకు 8 గంటలు ఆడిస్తే 240 కిలోలు. ఏడాదికి 300 రోజులు ఆడిస్తే 72,000 కిలోలు. కిలోకు 30 రూపాయలు మిగిలినా 21 లక్షల 60 వేలు!" వినడానికి ఎంత ఇంపుగా వున్నది! గుణకారంలో తప్పేమీ లేదు. కాని 72,000 కిలోల కారం తినేవారెవరు? ఆ ప్రశ్న ఆ కాగితం మీద ఎక్కడా కనబడదు. యంత్రం ఎంత పట్టగలదన్నది యంత్రం సంగతి. జనం ఎంత కొంటారన్నది మన సంగతి. లెక్క మొదలు పెట్టవలసింది కొనేవాడి దగ్గర నుంచే.

ఇప్పుడు మన లెక్క మనం వేద్దాము. ఇందులో నేను చెప్పే ధరలు లెక్క నేర్చుకొనడానికి అనుకొన్నవి మాత్రమే. మీ ఊళ్ళో ఆనాడున్న ధరలు వేసికొని మళ్ళీ కట్టుకోండి. పద్ధతి మాత్రం ఇదే.

షెడ్డు సామాను, యంత్రం, మోటారు, తూకం, పొట్లాలు అతికించే మిషను అన్నీ కలిపి 2 లక్షల రూపాయలైనవి అనుకొందాము. ఇందులో 50 వేలు మన సొంతం, లక్షా 50 వేలు బ్యాంకు అప్పు. ఇక గిర్ని ఆడినా ఆడకపోయినా, ఒక్క కిలో అమ్మినా అమ్మకపోయినా తప్పని ఖర్చులు కొన్ని వుంటాయి. వీటిని స్థిర ఖర్చులంటారు. అప్పు మీద నూటికి 12 చొప్పున మొదటి ఏడు వడ్డీ 18 వేలు. గది అద్దె నెలకు వెయ్యి చొప్పున 12 వేలు. బెల్టులు, జల్లెడలు, మోటారు మరమ్మతు 6 వేలు. కరెంటు కనీసపు చార్జీలు, లైసెన్సు వగైరా 4 వేలు. ఇవి 40 వేలు. వీటితోపాటు అరుగుదల ఒకటున్నది. 2 లక్షల సామాను పదేండ్లకు పాతబడి మూలకు పడుతుంది. కాబట్టి ఏడాదికి 20 వేలు పక్కన పెట్టకపోతే, పదో ఏడు కొత్త యంత్రానికి మళ్ళీ అప్పుకే పోవలసి వస్తుంది. మొత్తం 60 వేలు.

ఇక ఇంటివారి కూలి. దీన్ని చాలామంది లెక్కలో వేయరు. "మేమే చేసుకొంటాము, కూలి ఎవరికి ఇవ్వాలి?" అంటారు. కాని అదే మనిషి పరుల చేనులోకి పోతే రోజు కూలి వస్తుంది గదా! గిర్ని దగ్గర ఏడాదికి 150 రోజులు పని చేస్తే, రోజుకు 400 చొప్పున 60 వేలు. ఇది వేయకుండా లాభమని చెప్పుకొంటే, మన కష్టాన్ని ఊరికే ఇచ్చి దానికి లాభమని పేరు పెట్టుకొన్నట్లవుతుంది. ముఖ్యంగా ఆడవారి పని ఇట్లానే లెక్కలోకి రాకుండా పోతున్నది. కూలితో కలిపి ఏడాది ఖర్చు లక్షా 20 వేలు అయింది.

ఇప్పుడు సరుకు ఖర్చు. 100 కిలోల ఎండుమిరప, కిలో 150 చొప్పున 15 వేలు. తొడిమలు తీసేందుకు కూలి 1,200. ఆడించే కరెంటు 300. సంచులు, చీటీలు 900. రవాణా 600. అంతా 18 వేలు. అయితే 100 కిలోల కాయకు 100 కిలోల పొడి రాదు. తొడిమ పోతుంది, తాలుకాయ పోతుంది, తేమ ఆరిపోతుంది, గిర్నిలో కొంత ఎగిరిపోతుంది. 10 కిలోలు తరుగు పోగా 90 కిలోలు మిగిలినవి అనుకొందాము. 18 వేలను 90తో భాగిస్తే కిలో పొడి మనకు 200 రూపాయలకు పడ్డది. దీన్ని 100తో భాగించి "180కే పడ్డది" అనుకొన్నారో, కిలోకు 20 రూపాయలు లేని లాభాన్ని చూసి మురిసినట్లే.

కిరాణా కొట్టుకు కిలో 230కి ఇస్తే 30 రూపాయలు మిగులు. ఈ మిగులులో నుంచే లక్షా 20 వేల ఖర్చు తీరాలి. లక్షా 20 వేలను 30తో భాగించండి: 4,000 కిలోలు. అంటే ఏడాదికి 4,000 కిలోలు అమ్మిన నాడు మనకు లాభమూ లేదు, నష్టమూ లేదు. 4,001వ కిలో నుంచే లాభం మొదలు. ఈ ఒక్క అంకెను గిర్ని గోడమీద సున్నంతో పెద్దగా రాసి పెట్టుకోవాలి.

మరి 4,000 కిలోలు ఎక్కడ అమ్ముతాము? మన ఊరు 500 గడపలనుకోండి. గడపకు ఏడాదికి 6 కిలోల కారం చొప్పున ఊరంతా కలిసి తినేది 3,000 కిలోలు. ఊరంతా మన దగ్గరే కొన్నా చాలలేదన్నమాట. పైగా సగం ఇండ్లవారికి సొంత మిరప వుంటుంది; వారు మన పొట్లం కొనరు. తక్కిన సగం కొంటే 1,500 కిలోలు. కాబట్టి ఊరిని నమ్ముకొని గిర్ని పెడితే సగం దారిలోనే ఆగిపోతుంది.

అయితే దారి లేదా? ఉన్నది. మన పొట్లం కొనని ఇల్లు కూడా పట్టించుకొనడానికి మన గిర్నికే వస్తుంది. మిరప, పసుపు, ధనియాలు, జొన్న, గోధుమ, రాగి, ఏదైనా సరే, గడపకు ఏడాదికి 20 కిలోలు తెచ్చినా 500 గడపలకు 10,000 కిలోలు. కిలోకు 5 రూపాయలు పట్టుడు కూలి తీసుకొని, కరెంటు, అరుగుదలల కింద 2 రూపాయలు పోతే 3 రూపాయలు మిగులు. అది 30 వేలు. ఇందులో సరుకు కొనే పెట్టుబడి లేదు, అరువు లేదు, ధర పడిపోతుందన్న భయం లేదు. ఈ 30 వేలు తీసివేస్తే కారం అమ్మి సంపాదించవలసింది 90 వేలే. అంటే 4,000 కిలోలకు బదులు 3,000 కిలోలు చాలు. అందుకనే నా సలహా ఏమంటే, మొదటి ఏడు పట్టుడు కూలితోనే గిర్నిని నడపండి. ఊరి గిరాకీ ఎంతో, యంత్రం ఎట్లా నడుస్తుందో తెలిసిన తరువాతనే పొట్లాల వ్యాపారానికి దిగండి. ఒక హెచ్చరిక: కారం ఆడించిన యంత్రంలోనే పిండి పడితే మళ్ళీ ఎవరూ రారు. పిండికి వేరే రాయి, వేరే జల్లెడ వుండి తీరాలి.

ఇప్పుడు అసలు చిక్కు చెపుతాను. యంత్రానికి డబ్బు చూసుకొన్నాము గాని, మిరప కొనడానికి డబ్బేదీ? 3,000 కిలోల పొడికి 3,333 కిలోల కాయ కావాలి. కిలో 150 చొప్పున 5 లక్షల రూపాయలు! 2 లక్షల గిర్నికి 5 లక్షల సరుకు. చాలా గిర్నులు మూతబడేది ఇక్కడనే. యంత్రం చెడిపోయి కాదు, దానిలో పోయడానికి కాయ లేక. సీజనులోనే అంతా కొంటే 5 లక్షలు కావాలి. నెలనెలా సరుకు ఖర్చవుతూ అప్పు తగ్గుతూ వచ్చినా, సగటున రెండున్నర లక్షల మీద ఏడాదికి 30 వేలు వడ్డీ పడుతుంది. ఆ 30 వేలు తీరడానికి మరో 1,000 కిలోలు అమ్మాలి. చూశారా, మళ్ళీ 4,000 దగ్గరికే వచ్చాము! శీతల గిడ్డంగి కిరాయి దీనిమీద అదనం. పోనీ, నాలుగు దఫాలుగా కొందామంటే ఒక్కో దఫాకు లక్షా పాతిక వేలతో సరిపోతుంది. కాని సీజను దాటినాక ధర మన చేతిలో వుండదు.

ధర మాట వచ్చింది కాబట్టి చెపుతున్నాను. మిరప ధర ఒక్కచోట నిలిచేది కాదు. 2017లో ధర ఎంతగా పడిపోయిందంటే, కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యపు పథకం కింద తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ క్వింటాలుకు 5,000 రూపాయల చొప్పున కొనుగోలుకు అనుమతించవలసి వచ్చింది. 2022లో అదే మిరప, అందులోనూ దేశవాళీ రకాలు, ఎనుమాములలో మునుపెన్నడూ లేని ధర పలికాయి. 2025లో మళ్ళీ ధర పడిపోయి, ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం 11,781 రూపాయల చొప్పున అదే పథకాన్ని పెట్టవలసి వచ్చింది. రైతుకు ధర పడితే కష్టం. గిర్నివాడికి ధర పెరిగితే కష్టం. ఎట్లాగంటారా? మన లెక్కలో కాయ ధర కిలోకు 20 రూపాయలు పెరిగి 170 అయిందనుకోండి. 100 కిలోల ఖర్చు 20 వేలవుతుంది. 90తో భాగిస్తే కిలో పొడి 222 రూపాయల చిల్లర. కొట్టువాడు 230కి మించి ఇవ్వనంటే మిగిలేది 8 రూపాయలు కూడా లేదు. అప్పుడు లక్షా 20 వేలు తీరాలంటే 15,000 కిలోల పైచిలుకు అమ్మాలి! కాయకు 20 రూపాయలు పెరిగితే అమ్మకం నాలుగు రెట్లు కావాలన్నమాట. కాబట్టి పొట్లం ధరను ఏడాది పొడుగునా ఒక్కటిగా ఎవరికీ మాట ఇవ్వకండి. కాయ ధరతోపాటు పొడి ధర మారుతుందని మొదటి రోజే చెప్పండి.

"మిరప నా చేనుదే, కొనే పని లేదు" అని కొందరంటారు. అప్పుడు కూడా, ఆ రోజు యార్డులో ఏ ధర వుంటే ఆ ధరకు గిర్ని మీ దగ్గర కొన్నట్లు రాసుకోండి. లేకపోతే చేను తెచ్చిన లాభాన్ని గిర్ని తినేస్తున్నా మీకు తెలియదు. చేను లెక్క చేనుది, గిర్ని లెక్క గిర్నిది.

మరొక రంధ్రం అరువు. హాస్టళ్ళు, హోటళ్ళు, కిరాణా కొట్లు సరుకు దించుకొని నెలకు, రెండు నెలలకు డబ్బిస్తాయి. 1,000 కిలోలు అరువు మీద బయట వుంటే మన 2 లక్షలు వారి దగ్గర వున్నట్లే. అమ్మకం పుస్తకంలో లాభం కనబడుతుంది. పెట్టెలో మాత్రం పైసా వుండదు. కొత్త కొట్టుకు మొదట కొద్ది సరుకే ఇవ్వండి. పాత బాకీ చేతికి వచ్చినాకనే కొత్త సరుకు దించండి. దీనికి మొగమాటపడితే గిర్ని మీది కాదు, వారిదవుతుంది.

బ్యాంకు కిస్తీ సంగతి కూడా చూడాలి. లాభమూ నష్టమూ లేని ఏడు కూడా కిస్తీ ఆగదు. లక్షా 50 వేల అప్పును అయిదేండ్లలో తీర్చాలంటే ఏడాదికి అసలు 30 వేలు, మొదటి ఏడు వడ్డీ 18 వేలు. మొదట కట్టిన లెక్కనే తీసుకోండి: 4,000 కిలోలు అమ్మితే లక్షా 20 వేలు వచ్చింది. వడ్డీ, అద్దె, మరమ్మతు, చార్జీలు 40 వేలు పోతే 80 వేలు. అసలు కింద 30 వేలు కడితే మిగిలింది 50 వేలు. మన కూలి 60 వేలు గదా! అంటే కూలిలోనే 10 వేలు తక్కువ పడ్డది; అరుగుదలకు దాచింది ఏమీ లేదు. పుస్తకంలో నష్టం లేకపోయినా ఇల్లు ఇబ్బంది పడుతుందని దీని అర్థం. అందుచేత కిస్తీలను మిరప సీజనును బట్టి, డబ్బు చేతికి వచ్చే నెలలను బట్టి పెట్టమని బ్యాంకు మేనేజరు గారిని మొదటనే అడగండి. కాగితం మీద సంతకాలైన తరువాత అడిగితే లాభం లేదు.

"మరి సబ్సిడీ వుంది గదా!" అని మీరడుగవచ్చు. వుంటుంది. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో గ్రామాలలో నూటికి 25, ప్రత్యేక వర్గాలకు నూటికి 35 వంతుల రాయితీ పెట్టారు. 2020లో మొదలైన చిన్న ఆహార పరిశ్రమల పథకంలో నూటికి 35 వంతులు, 10 లక్షలకు మించకుండా అన్నారు. ఏ పథకం ఎప్పటిదాకా, ఎవరికి, ఎంత అన్నది మారుతూ వుంటుంది. దరఖాస్తు చేసే ముందు బ్యాంకులోనూ, జిల్లా పరిశ్రమల కేంద్రంలోనూ కనుక్కోండి. అయితే రెండు మాటలు గుర్తుంచుకోండి. మొదటిది, ఈ రాయితీ మన చేతికి నగదుగా రాదు. మన పేరున బ్యాంకులో వుండి, మూడేండ్లు గిర్ని సరిగా నడిచిన తరువాత అప్పుకు జమ అవుతుంది. అంతదాకా గిర్నిని నడపవలసింది మనమే. రెండవది, రాయితీ అప్పు భారాన్ని తగ్గిస్తుందే గాని, కిలో మీద వచ్చే మిగులును ఒక్క పైసా పెంచదు. కిలోకు 30 రావలసిన చోట 8 వస్తే, ఏ సబ్సిడీ వచ్చినా అది కుండకు చిల్లి వుండగా నీళ్ళు పోసినట్లే. సబ్సిడీ లేకపోయినా నిలిచే లెక్క వున్నప్పుడే సబ్సిడీ తీసుకోండి.

ఇంత చెప్పినాక "అయితే చిన్నవాడు పరిశ్రమ పెట్టకూడదా?" అనుకోకండి. చిన్నవాళ్ళు కలిసి నిలబడ్డ చోటు మన దగ్గరనే వున్నది. భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరు. ఇది అప్పట్లో కరీంనగర్ జిల్లా. 2016 నుంచి వరంగల్ అర్బన్ జిల్లాలో చేరి, 2021లో ఆ జిల్లా పేరు మారినందున ఇప్పుడు హనుమకొండ జిల్లాలో వున్నది. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారు ముందు నడిచి, 14 గ్రామాల నుంచి 373 మంది సభ్యులతో అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘాన్ని స్థాపించారు. మొదట అప్పు, ఎరువు, విత్తనం. తరువాత సభ్యుల వడ్లకు రైసుమిల్లు, పత్తికి జిన్నింగు మిల్లు, విత్తనశుద్ధి కేంద్రం. ఈ వరసను గమనించండి. వారు ముందు మిల్లు పెట్టి తరువాత సరుకు కోసం వెతకలేదు. సరుకు తెచ్చే సభ్యులు ముందు, మిల్లు తరువాత. అందువల్ల యంత్రం ఊరికే వుండే రోజులు తగ్గినాయి.

అదే ప్రాంతంలో ఆడవారు చేసింది ఇంకా చూడదగినది. పొదుపు సంఘాలలో నెలనెలా కొద్దికొద్దిగా దాచుకొని, పద్దులు రాయడం, అప్పు వసూలు చేయడం నేర్చుకొన్న తరువాత, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద 2000లో మహిళా పాడి సహకార సంఘాన్ని రిజిస్టరు చేశారు. 2002లో డెయిరీ నడవడం మొదలైంది. స్వకృషి అనే పేరున పాలు అమ్ముతున్నారు. రెండు బర్రెలున్న ఇల్లాలు ఒంటరిగా పాలకేంద్రం పెట్టలేదు. ఊరూరా పాలు కూడితే, వెన్న శాతం చూసి ధర కడితే, అదే ఆమె సొంత పరిశ్రమ అవుతుంది. గిర్నికైనా ఇదే దారి. నాలుగు ఊళ్ళ మహిళా సంఘాలు కలిసి ఒక గిర్ని పెడితే స్థిర ఖర్చు ఇంచుమించు అదే, గడపలు మాత్రం 2,000 అవుతాయి. 4,000 కిలోల అంకె అప్పుడు భయపెట్టదు.

పేరున్న సరుకుకు కూడా లెక్క తప్పదు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వరంగల్ చపాటా మిరపకు 2025లో వచ్చింది. చపాటా కారం తక్కువ, రంగు ఎక్కువ. కాబట్టి ఘాటు అడిగే ఇంటికి కాక, రంగు అడిగే కొనుగోలుదారునికి అమ్మవలసిన సరుకు అది. గుర్తింపు తలుపు తీస్తుంది. లోపలికి పోయి బేరం చేయవలసింది మనమే. శుభ్రత మీద ఆ బేరం నిలుస్తుంది. కాయను నేలమీద కాక పట్టాలమీద ఎండబెట్టండి. పొడిలో తేమ నూటికి 11 వంతులకు మించకూడదని ఆహార ప్రమాణాలలో వున్నది. తూకం కోసం తొడిమలు కలపడం, ఎరుపు కోసం రంగు కలపడం కల్తీ. ఒక్క పొట్లం పరీక్షలో దొరికితే గిర్నికి తాళమే.

బర్రెలు, నాటుకోళ్ళు, విస్తరాకుల మిషను, పప్పు మిల్లు, ఏది పెట్టినా ప్రశ్నలు ఇవే. బర్రె ఎండిపోయిన నెలల మేత ఖర్చు లెక్కలో వేశారా? కొక్కెర తెగులుకు పోయే కోడిపిల్లల్ని తీసివేసి లెక్క కట్టారా? పెండ్లిళ్ళు లేని నెలల్లో విస్తర్లు ఎవరు కొంటారు? సరుకు కొనే డబ్బు ఎక్కడిది? ధర అటూ ఇటూ అయితే ఎన్నాళ్ళు ఓర్చుకోగలం?

చివరగా, ఒక నోటుపుస్తకం కొనండి. ఒక పేజీలో కొన్నది, ఒక పేజీలో అమ్మింది, ఒక పేజీలో రావలసిన బాకీ. ప్రతి రాత్రీ దీపం ఆర్పేముందు రాయండి. నెలాఖరున, ఇప్పటిదాకా ఎన్ని కిలోలు అమ్మాము, గోడమీద రాసిన అంకెకు ఇంకా ఎంత దూరమున్నాము అని ఇంటిల్లిపాదీ కూర్చొని చూడండి. ఆరు నెలలు గడిచినా సగం అంకె దాటకపోతే, మరో అప్పు తెచ్చి పోయకండి. ఆగి, విస్తరణాధికారినో, సంఘంలో లెక్క తెలిసినవారినో కూర్చోబెట్టుకొని ఆలోచించండి. యంత్రాన్ని అమ్మితే సగం డబ్బైనా వస్తుంది. అప్పుకు భూమి పోతే మళ్ళీ రాదు.

గిర్ని కొనక ముందు ఒక సాయంత్రం కూర్చొని ఈ లెక్క కట్టడానికి ఖర్చయ్యేది ఒక కాగితం, ఒక పెన్సిలు. యంత్రానికి బయానా ఇచ్చే ముందే ఆ కాగితాన్ని మీ ఊరి విస్తరణాధికారికి ఒకసారి చూపించండి.